గిన్నె ఇక్కడ, మూత అక్కడ

“ప్రయాణానికి కర్ర వద్దు, జోలె వద్దు, రొట్టె వద్దు, రెండో అంగీ కూడా వద్దన్నాడు ప్రభువు! ఆయన మాట నేను జవదాటను! కట్టుబట్టలతో వెళ్తున్నాను!”

ముందుగదిలో నిలబడి, వీధి తలుపు బార్లా తెరిచి, నాలుగిళ్ళ అవతలికి వినబడేలా ఈ ప్రకటన చేశాక, విచారణ సంఘం, అంటే గుడి పెద్దల సంఘం, అధ్యక్షుడు తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

“ఉన్ని దుప్పటి పెట్టావా?”

“పెట్టానండీ.”

“రెండోది?”

“అదీ పెట్టాను.”

“కాఫీ పొడి?”

“రెండు డబ్బాలు.”

“మఫ్లరు కూడా పడెయ్. కొండ మీద చలట. చూడు, పైకి కనబడకూడదు సుమా! అడుక్కి తొయ్.”

మంచం మీద నోరు తెరుచుకుని కూర్చున్న సంచిలోకి ఆయన భార్య మఫ్లరు తోసింది. తోస్తూ కళ్ళు తుడుచుకుంది. ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి, జ్ఞానస్నానంలో పెట్టిన పేరొకటి ఉన్నాయి గాని, గుడిలోనూ వీధిలోనూ కూరల దుకాణంలోనూ అందరూ బెంగమ్మ అనే పిలిచేవారు. పోస్టుమాన్ వీధి మలుపు తిరిగితే ఆవిడకు బెంగ. రోజూ వచ్చే పిచ్చుక ఒక పూట రాకపోతే బెంగ. భోజనానికొచ్చిన చుట్టం చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినా, వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడేది.

ఆ బెంగ ఊరికే రాలేదు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెప్పులు కుట్టించుకొస్తానని బయటికి వెళ్ళాడు. గుండె ఆగి ఆ చెప్పుల దుకాణంలోనే ఒరిగిపోయాడు. చెప్పులు మాత్రం సాయంత్రానికి ఎవరో తెచ్చి ఇచ్చారు. చాలా బాగా కుట్టి ఉన్నాయి. తరువాత అన్నయ్య ఓడలో పని దొరికిందని, ఆరు నెలల్లో వస్తానని వెళ్ళాడు. ఆ ఓడ చాలాసార్లు వచ్చింది. అన్నయ్య రాలేదు.

అప్పటి నుంచి బెంగమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా వాళ్ళ సంచిలో ఒక గిన్నె మూత పెట్టేది. గిన్నె ఇంట్లో ఉంచుకునేది. గిన్నె ఇక్కడ, మూత అక్కడ! ఎంత కాలమని విడిగా ఉంటాయి? మూత గిన్నెను వెతుక్కుంటూ రాదా? మూతతో పాటు మనిషీ వస్తాడు. ఇది మూఢనమ్మకమేమోనని భయపడి ఒకసారి పాపాలు ఒప్పుకునే పూట, పాపసంకీర్తనంలో చెప్పుకుంది. జాలీ వెనక నుంచి ఫాదర్‌గారు గొంతు సవరించుకుని, “అది పాపం కాదమ్మా, వంటసామాను. తరువాతిది చెప్పు” అన్నారట. ఆవిడే అందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు కూడా పాలగిన్నె మూత తీసి, రెండో దుప్పటి మడతలో దాచింది.

అసలీ త్యాగం ఎలా మొదలైందో చెప్పాలి. విభూతి బుధవారం నాడు నుదుట బూడిద ఆరకముందే విచారణ సంఘం సమావేశమైంది. ఈస్టరుకు, అంటే పాస్కా పండుగకు, ముందు నలభై రోజుల తపస్సు కాలంలో ఎవరెవరు ఏమేమి వదులుకుంటారో చెప్పమన్నారు ఫాదర్‌గారు. మనసులో చెప్పుకోమన్నారు. మనసులో చెప్పుకుంటే పక్కవాడికెలా తెలుస్తుంది? అందుకని అందరూ పైకే చెప్పారు. కోశాధికారి చక్కెర మానేస్తానన్నాడు. ఆయనకు డాక్టరు మానిపించి మూడేళ్ళయింది. పాటల మాస్టారు నలభై రోజులూ పాడనన్నాడు. ఈ ఒక్క త్యాగానికి మాత్రం అందరూ మనస్ఫూర్తిగా దేవునికి కృతజ్ఞతలు చెప్పారు.

అధ్యక్షుడు అందరూ అయ్యేదాకా ఆగాడు. ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఎదుటివాడి త్యాగం ఎన్ని గ్రాములో చూపుతోనే తూచగలడు. తూచి, లేచి, “నేను సర్వం వదులుకుంటున్నాను!” అన్నాడు. “పాస్కా దాకా కొండ మీది ధ్యానమఠంలో ఉంటాను. ఇల్లు వద్దు, వాకిలి వద్దు, భార్య వద్దు!”

చప్పట్లు మోగాయి. వెనక వరసలో బెంగమ్మ అప్పుడే ఏ గిన్నె మూత పెట్టాలో ఆలోచించసాగింది.

ఇంటికొచ్చాక ఆవిడ అడిగింది. “మరి సంచి తీసుకుపోవద్దన్నాడుగా ప్రభువు. ఇంత సంచి ఎలా తీసుకెళ్తారండీ?”

“నేను తీసుకెళ్ళడమేమిటి? నేను సంచి ముట్టుకోను! చెల్లెలు పట్టుకొస్తుంది.”

చెల్లెలంటే చిన్నత్త. పిల్లలు పిలిచిన పిలుపు ఇంటికీ వీధికీ గుడికీ పాకి, అరవై దాటినా అందరికీ చిన్నత్తగానే మిగిలిపోయింది. బెంగమ్మకు మాత్రం ఆడపడుచు ఇంకా ‘పిల్లే’. పెళ్ళి లేదు, పేచీ లేదు. నిప్పు రాజేసేది ఆమె, నీళ్ళు తోడేది ఆమె. గుడిలో బలిపీఠం గుడ్డలు ఇస్త్రీ చేసేదీ ఆమే. ఇంట్లో ఎవరికే వస్తువు కావాలన్నా వస్తువును పిలవరు, చిన్నత్తను పిలుస్తారు.

ప్రయాణం నాటి పొద్దున చిన్నత్త గడప మీద కూర్చుని, ఊడిపోయిన సంచి పిడి కుడుతోంది.

“ఈ సంచి నాదే, తెలుసా వదినా!” అంది దారం కొరుకుతూ.

“నీకు సంచెందుకే పిల్లా? నువ్వెక్కడికి పోతావు?”

“భలేదానివే! మఠంలో చేరదామని సర్దుకున్నాను కాదూ, నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో? ‘కొత్త పిల్లకు చేతికింద మనిషి ఉండాలి, ఒక్క ఏడాది ఆగు’ అన్నాడు అన్నయ్య.”

“మరి?”

“ఏడాదే కదా అని ఆగాను. ఆ ఏడాది ఇంకా అవుతూనే ఉంది.”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. లోపల నుంచి, “నవ్వులు తరువాత! నా మందుల డబ్బా ఏదీ?” అని కేక వినబడింది. చిన్నత్త సూది సంచికే గుచ్చి లేచి వెళ్ళింది.

బస్సు దగ్గరికి సంఘమంతా వచ్చింది. అధ్యక్షుడు రెండు చేతులూ ఖాళీగా చాచి చూపించాడు. కోశాధికారి ఫోటో తీశాడు. ఫోటోలో పడకుండా, బస్సు వెనక పక్క నుంచి చిన్నత్త ఎక్కింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో దిండు, చంకలో నీళ్ళ సీసా, వేలికి తగిలించుకున్న కాఫీ ఫిల్టరు.

“ఎప్పుడొస్తారండీ?” అని కిటికీ ఊచ పట్టుకుంది బెంగమ్మ.

“త్యాగికి తిరుగు ప్రయాణం ఉండదు!” అని గర్జించాడు అధ్యక్షుడు.

ఆవిడ గొల్లుమంది. వెనక కిటికీలోంచి చిన్నత్త తల బయటపెట్టి, “ఊరుకో వదినా! రానూ పోనూ టిక్కెట్టే తీశాడు, నేను చూశాను” అని గుసగుసలాడింది.

“నువ్వు సాయంత్రం బస్సుకు వచ్చెయ్యవే! ఆయన్ని దింపి వచ్చెయ్! అగ్గిపెట్టె ఎక్కడుందో నాకు తెలీదు!”

బస్సు కదిలింది. దుమ్ము అణిగేదాకా బెంగమ్మ అక్కడే నిలబడింది. ఆవిడ చూపంతా ముందు కిటికీ మీదే ఉంది.

సాయంత్రం బస్సు వచ్చింది. చిన్నత్త రాలేదు. ఆయన కాఫీ కోసం ఆపుకుని ఉంటారనుకుంది. మర్నాడూ రాలేదు. బెంగమ్మ జపమాల పట్టుకుని పునీత అంతోనివారికి మొరపెట్టుకుంది. పోయిన వస్తువులు వెతికిపెట్టే పునీతుడాయన. భర్తను క్షేమంగా ఇల్లు చేర్చమనీ, వీలైతే ముందు అగ్గిపెట్టె చూపించమనీ అడిగింది. అగ్గిపెట్టె ఉప్పు జాడీ వెనక దొరికింది. భర్త నాలుగో రోజు మధ్యాహ్నం దొరికాడు.

పెరటి తలుపు తోసుకుని, మఫ్లరు తలకంతా చుట్టుకుని, సంచి తనే మోసుకుంటూ లోపల పడ్డాడు.

“తలుపు వెయ్యి! గడియ పెట్టు! ఎవరైనా చూశారా?”

“అయ్యో, ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?”

“వాళ్ళకు మౌనం అంటే తెలీదు! మౌనం ఎలా పాటించాలో వివరంగా బోధించబోతే వినకుండా లేచి వెళ్ళిపోతారా! కాఫీ పెట్టు ముందు.”

బెంగమ్మ సంచి విప్పింది. దుప్పటి మడతలోంచి మూత తీసి పాలగిన్నె మీద పెట్టింది. టక్కున సరిపోయింది. ప్రాణం లేచొచ్చింది. మనిషి వచ్చాడు, మూత వచ్చింది. ఇంకేం కావాలి? కాఫీ కలపడానికి చక్కెర డబ్బా కోసం అలవాటుగా వెనక్కి చెయ్యి చాపింది. ఎవరూ అందించలేదు.

“పిల్లేదండీ?”

“ఎవరు?”

“ఎవరేమిటండీ! మీ చెల్లెలు!”

“ఓ, అదా. అక్కడే ఉంది. వాళ్ళకేదో పనిసాయం కావాలిట. వస్తుందిలే.”

“ఎప్పుడొస్తుంది?”

“నేనేమన్నా బస్సు కండక్టరునా?”

“అయితే రేపు నేను వెళ్ళి తీసుకొస్తాను.”

అధ్యక్షుడు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. “నీకేమైనా మతి పోయిందా? నువ్వు కొండకు వెళ్తే సంఘం ఊరుకుంటుందా? ‘అధ్యక్షులవారు ఎలా ఉన్నారు?’ అని నీ వెంట పడరూ? అసలు నేనిక్కడ ఉన్నట్టు చీమకు కూడా తెలియకూడదు! పాస్కా దాకా సామాన్ల గదిలో ఉంటాను. ప్రభువు కూడా ఏమన్నాడు? నీ గదిలోకి పోయి తలుపు మూసుకుని ప్రార్థించమన్నాడు! నేను చేస్తున్నది అదే కదా!”

అలా, పాత డబ్బాలకూ విరిగిన కుర్చీకీ మధ్య అధ్యక్షులవారి తపస్సు మొదలైంది.

ఆదివారం గుడిలో ఆయన కోసం ప్రత్యేక ప్రార్థన జరిగింది. “కొండ మీద చలిలో, ఆకలిలో, ఒంటరిగా...” అని కోశాధికారి చదువుతూ ఉంటే ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. బెంగమ్మ తల వంచుకుంది. వినయమనుకున్నారు. పూజ అయ్యాక అందరూ చుట్టూ చేరారు. అధ్యక్షులవారి క్షేమం అడిగారు. ఆయన మోకాళ్ళ నొప్పి సంగతి అడిగారు. చిన్నత్త సంగతి ఒక్కరూ అడగలేదు.

ఒక్క ఫాదర్‌గారు అడిగారు. బలిపీఠం గుడ్డ అంచు పట్టుకుని చూపిస్తూ, “ఇలా ముడతలు పడి ఉందేమిటమ్మా? చిన్నత్త ఇంకా రాలేదా?”

“లేదు ఫాదర్.”

“సంచి మోయడానికేగా వెళ్ళింది? సంచి ఇంకా అక్కడే ఉందా?”

బెంగమ్మకు అబద్ధం నోటిదాకా వచ్చింది గాని బయటికి రాలేదు. “నాకు చక్కెర డబ్బా కూడా దొరకడం లేదు ఫాదర్” అని ఏడ్చేసింది. ఫాదర్‌గారు ఆ గుడ్డ తనే మడతపెట్టుకుని లోపలికి వెళ్ళారు.

తరువాత వచ్చింది అసలు ముప్పు. త్యాగి ఇంటి ఇల్లాలిని ఒంటరిగా వదలకూడదని సంఘం తీర్మానించింది. రోజూ సాయంత్రం ఆ ఇంటి ముందుగదిలోనే జపమాల! కుర్చీలు చాలక చాపలు పరిచారు. ముందుగదికీ సామాన్ల గదికీ మధ్య ఒక్క పలకల గోడే అడ్డం.

మొదటి రెండు రోజులూ అధ్యక్షుడు నోట్లో తువ్వాలు కుక్కుకుని కూర్చున్నాడు. మూడో రోజు పాటల మాస్టారు మరియమాత ప్రార్థనమాలిక ఎత్తుకున్నాడు. పాడనన్నాడు గాని చదవనని అనలేదుగా!

“దేవమాతా!”

“మా కొరకు వేడుకొనండి!” అన్నారందరూ.

“...వేడుకొనండి” అంది గోడ.

ముప్ఫై ఏళ్ళుగా ముందు నిలబడి జవాబు చెప్పించిన గొంతు అది. తువ్వాలు కుక్కితే మాత్రం ఆగుతుందా? నిద్రలో లేపినా అదే జవాబు చెబుతుంది. మాస్టారు ఆగాడు. చుట్టూ చూశాడు. ఇంకోటి అందుకున్నాడు.

“వ్యాధిగ్రస్తుల ఆరోగ్యమా!”

“మా కొరకు వేడుకొనండి!”

“...వేడుకొనండి” అంది గోడ, ఇంకాస్త గంభీరంగా.

ఇక అయిపోయింది, బయటపడింది అనుకుంది బెంగమ్మ. అంతలో మాస్టారు దబ్బున మోకాళ్ళ మీద పడ్డాడు.

“విన్నారా! అధ్యక్షులవారు కొండ మీద ప్రార్థిస్తుంటే, ఆయన ఇంటి గోడలు ఇక్కడ పలుకుతున్నాయి!”

ఆ వారమంతా ఆ ఇంట్లో జనం పట్టలేదు. పక్క విచారణల గుళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. ఒకావిడ గోడకు చెవి ఆనించి, మోకాలి నొప్పి తగ్గిందంది. కోశాధికారికి అసూయ పట్టి, తన ఇంటి గోడ పలకడం లేదేమని నాలుగు రోజులు ఉప్పు కూడా మానేశాడు.

ఒక సాయంత్రం ఫాదర్‌గారు వచ్చి వెనకగా కూర్చున్నారు. ప్రార్థనమాలిక నడుస్తోంది. గోడ పలుకుతోంది. వంటింట్లో బెంగమ్మ కాఫీ దించింది. ఆ వాసన ముందుగదిలోకి రాగానే గోడ ఒక్కసారి గుటక వేసి, జవాబు చెప్పడం మరిచిపోయింది. ఫాదర్‌గారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, “గోడకు కూడా ఒక కప్పు పొయ్యమ్మా, పాపం” అన్నారు.

బెంగమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చెప్పుకోవడానికి “పిల్లా!” అని వంటింట్లోకి తిరిగింది. ఎవరూ లేరు. ఆ రోజు ఆవిడకు మొదటిసారి ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు మూత పెట్టాను. పిల్లకేం పెట్టాను? మూత సంగతి అలా ఉంచి, దానికి అసలు సంచే లేదు. రెండో చీర కూడా లేకుండా వెళ్ళింది. ఎందుకు పెట్టలేదంటే, అది కూడా ప్రయాణమే అని తోచలేదు. సంచితో పాటు సంచి పిడి కూడా వెళ్తుంది కదా, దాన్ని ఎవరు సాగనంపుతారు?

“ఏమండీ, నేను కొండకు వెళ్ళొస్తాను” అంది సామాన్ల గది తలుపు సందులోంచి.

“పాస్కా కానీ!” అంది గోడ.

పాస్కా రానే వచ్చింది. అధ్యక్షుడి పథకం సిద్ధం. అందరూ పెద్దపూజలో ఉండగా పెరటి దారిన బయటపడి, ఊరి చివర బస్సు ఆగే చోట నిలబడి, కొండ నుంచి దిగే మధ్యాహ్నం బస్సెక్కి, ఊళ్ళో దర్జాగా దిగాలి. గడ్డం కూడా పెంచాడు. బెంగమ్మ ముందు రోజే సంచి సర్దింది. చెయ్యి ఊరుకోక మూత కూడా పెట్టింది.

పూజ ముగిసింది. ఫాదర్‌గారు చేతులు చాచి, “బిడ్డలారా, ఒక్క నిమిషం” అన్నారు. “మన అధ్యక్షులవారు ఇన్నాళ్ళూ కొండ మీద కష్టపడ్డారు. ఆయన్ను ఒంటరిగా బస్సులో రానివ్వడం మనకు మర్యాదేనా? బయట బస్సు మాట్లాడి ఉంచాను. అందరం వెళ్ళి ఊరేగింపుగా తీసుకొద్దాం!”

హర్షధ్వానాలు! బెంగమ్మ ఇంటికి పరుగెత్తబోతే ఆడవాళ్ళు రెండు రెక్కలూ పట్టుకుని, “ముందు సీటు మీదేనమ్మా!” అని బస్సెక్కించారు.

ఊరి చివర, సంచి పక్కన పెట్టుకుని, ఊరి వైపు వీపు పెట్టి బిస్కట్ తింటున్న గడ్డపాయనను పాటల మాస్టారే ముందు చూశాడు.

“ఆపండి! అధ్యక్షులవారు!”

బస్సు ఆగింది. అధ్యక్షుడు తిరిగి చూశాడు. బస్సు నిండా తన సంఘం! బిస్కట్ గొంతుకు అడ్డం పడింది. కానీ తూనికల శాఖలో అంతకాలం ఊరికే పనిచేశాడా? మింగి, చేతులు చాచాడు.

“మీరు వస్తున్నారని నా ఆత్మకు తెలిసింది! మీకు ఎదురు నడిచి వచ్చాను!”

“కొండ నుంచా? నడిచా?” అని జనం నోళ్ళు తెరిచారు.

“తెల్లవారకముందే బయలుదేరాను!”

“చెప్పులకు దుమ్మే అంటలేదే?” అన్నారు ఫాదర్‌గారు ఆశ్చర్యంగా.

“త్యాగిని దుమ్ము కూడా అంటదు ఫాదర్!”

“నిజమే. ఎక్కండి మరి. మఠం మదర్‌కు కృతజ్ఞతలు చెప్పి వద్దాం.”

“వద్దు వద్దు! నాగలి మీద చెయ్యి వేసినవాడు వెనక్కి చూడరాదన్నాడు ప్రభువు!”

“వెనక్కెందుకు చూడటం? బస్సు ముందుకే పోతుంది” అని ఫాదర్‌గారు ఆయన రెక్క పట్టుకుని లోపలికి లాగారు. దారి పొడుగునా జనం ఆయన చెప్పులు ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఆయన మాత్రం కిటికీలోంచి దూకడానికి వీలుంటుందా అని చూస్తున్నాడు. బెంగమ్మ ఆయన వైపు చూడటం లేదు. కొండ వైపే చూస్తోంది.

మఠం గేటు చాలా చిన్నది. లోపల నుంచి మదర్ వచ్చింది. గుప్పెడంత మనిషి, నడుముకు తాళాల గుత్తి. జనాన్ని చూసింది, ఫాదర్‌గారికి నమస్కారం పెట్టింది, అధ్యక్షుడిని చూసి ముఖమంతా నవ్వైంది.

“ఓ, సంచాయనా! మళ్ళీ వచ్చారా? ఇంకా సంచితోనేనా?”

“సంచాయనేమిటి?” అన్నాడు కోశాధికారి. “ఈయన ఇన్నాళ్ళూ మీ దగ్గరే తపస్సు చేశారు కదా?”

“మా దగ్గరా? గేటు బయటి గదిలో మూడు రాత్రులున్నారు నాయనా. ఇక్కడొక్కటే నియమం, సంచి గేటు దగ్గర వదిలి లోపలికి రావాలి. అంతే. ఈయన వదలనన్నారు. ఈ ఊచల్లోంచే త్యాగం గురించి మాకు ఉపన్యాసం చెప్పారు. మధ్యమధ్య కాఫీ అడిగారు. నాలుగో రోజు కనబడలేదు.”

కొండ మీద ఎంత మౌనం ఉంటుందో సంఘానికి అప్పుడు తెలిసింది. ఆ మౌనంలో పాటల మాస్టారు సన్నగా, “అయితే ఆ గోడ?” అన్నాడు.

బెంగమ్మకు ఇవేవీ పట్టలేదు. “మా పిల్ల ఏదమ్మా?” అంది.

చిన్నత్త తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఎవరో ఇచ్చిన బూడిదరంగు చీర, బాగా పొట్టి. వదినను చూడగానే పరుగెత్తుకొచ్చి, ఊచల్లోంచే రెండు చేతులూ పట్టుకుంది.

“వదినా! చిక్కిపోయావేం? చక్కెర డబ్బా పై అరలో, పాత గడియారం వెనకుంది. దొరికిందా?”

“లేదే! ఇన్నాళ్ళూ చక్కెర లేకుండానే తాగాం!” అని బెంగమ్మ ఒకేసారి ఏడ్చి నవ్వింది. “ఎందుకు రాలేదే నువ్వు?”

“నేనేం చేయను వదినా? ‘నీ సంచి ఎక్కడ పెట్టావమ్మా?’ అని అడిగింది మదర్. నాకు సంచి లేదన్నాను. ‘అయితే లోపలికి రా’ అంది. వెళ్ళాను. ఇక్కడ లేవలేని ముసలి సిస్టర్లు ఉన్నారు. పని నాకు తెలిసిందే. కాకపోతే పొద్దున్నే ఒక గంట కూర్చోమంటారు. దేవుడి ముందు, ఊరికే. నేను ఎప్పుడైనా ఊరికే కూర్చోవడం చూశావా నువ్వు?”

“ఇక చాల్లే, పద!” అని అధ్యక్షుడు గొంతు పెంచాడు. జనం చూపు తప్పించుకోవడానికి ఆయనకు ఇంతకన్నా మంచి పని దొరకలేదు. “ఈ సంచి అందుకో! ఇంటి దగ్గర పనంతా ఎక్కడిదక్కడే ఉంది!”

చిన్నత్త చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. ఊచల దాకా వచ్చి ఆగింది. ఆమె ఆ చేతిని చూసుకుని ఫక్కున నవ్వింది.

“సంచి లోపలికి రానివ్వరు అన్నయ్యా.”

బెంగమ్మ భర్త చేతిలోంచి సంచి లాక్కుని, నేల మీద బోర్లించి, మూత వెతికి తీసింది. ఊచల్లోంచి అందించింది. “పోనీ ఇది ఉంచుకోవే. గిన్నె నా దగ్గరుంటుంది. ఒక్క ఏడాది ఉండి వచ్చెయ్.”

చిన్నత్త మూత అందుకుంది. కొంగుతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ వదిన చేతిలోనే పెట్టింది.

“ఆ ఏడాది అయిపోయింది వదినా. ఇది తీసుకెళ్ళు, పాలలో దుమ్ము పడుతుంది.”

తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ ఎవరి చెప్పులూ ముట్టుకోలేదు.

మరుసటి ఆదివారం అధ్యక్షుడు గుడి మెట్ల మీద నిలబడి, లోకులందరి ముందు అవమానం పాలు కావడమే అన్నిటికన్నా పెద్ద త్యాగమనీ, అది తను ఎంతో ముందుచూపుతో ఏర్పాటు చేసుకున్నాననీ వివరించాడు. చప్పట్లు మోగాయి. ఆయనే ఇంకా అధ్యక్షుడు. గోడ నిజంగానే పలికిందని పాటల మాస్టారు ఈనాటికీ ఒట్టేసి చెబుతాడు. చక్కెర డబ్బా పై అరలో, పాత గడియారం వెనకే ఉంది. బెంగమ్మ నెలకొకసారి బస్సెక్కి కొండకు వెళ్ళి, గేటు దగ్గర సంచి వదిలి, లోపల ఒక గంట ఊరికే కూర్చుని వస్తుంది.

అధ్యక్షుడు వెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నం తిరిగి వచ్చాడు. మూత రెండుసార్లు తిరిగి వచ్చింది. చిన్నత్త తపస్సు కాలం మొదటి సోమవారం, పొద్దుటి బస్సుకు వెళ్ళింది. తిరిగి రాలేదు.